పాత అంబాసిడర్ ఇంజిన్ విప్పాలా? ముందు కంప్రెషన్ అంకెలు చదవండి

132, 128, 71, 130. ఒక పాత అంబాసిడర్ కారు నాలుగు సిలిండర్లకు వరసగా కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే ఈ అంకెలు వచ్చాయనుకుందాం. కొలమానం పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌన్ల ఒత్తిడి. మూడో సిలిండర్లో ఏదో తేడా ఉందని చూడగానే తెలిసిపోతుంది. కానీ ఏం తేడా? పిస్టన్ రింగులు అరిగాయా? వాల్వు కాలిందా? గాస్కెట్ పోయిందా? లేక ఇంజిన్ బాగానే ఉండి, పరీక్ష చేసిన తీరులోనే లోపముందా? జవాబును బట్టి ఒక పూట పనితో సరిపోవచ్చు, లేదంటే ఇంజిన్ దించి బోరు చేయించేదాకా పోవచ్చు.

ఈ ముచ్చట చెప్పుకోవడానికి ఖరగ్‌పూర్ తగిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. నింపురా, మథురాకాఠీ రైల్వే కాలనీల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే, అందులో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల పాత్రే పెద్దది. స్పానరు, గేజి, గాస్కెట్ ఇక్కడ ఇంటి మాటలు. అంబాసిడర్ పుట్టిల్లు కూడా దూరమేం కాదు. హౌరా దాటితే హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారా వస్తుంది. 1950 దశకం చివర్లో అక్కడ మొదలైన ఆ కారు తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది.

తయారీ ఆగిన కారు కాబట్టే ఆ నాలుగు అంకెలను సరిగా చదవడం అవసరం. ఇంజిన్ బోరు చేయడమంటే సిలిండర్ గోడను మెషీన్ మీద చెక్కి, రంధ్రం వెడల్పు పెంచి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయడం. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఒకసారి 20, మరోసారి 40 అలా పెంచుకుంటూ పోతారు. చెక్కిన లోహం తిరిగి రాదు. నాలుగు దశాబ్దాల బండికి ఇదివరకే ఒకటి రెండు సార్లు ఆ పని జరిగి ఉండొచ్చు. ఇక గోడ పలచనైపోతే స్లీవ్ వేయడం తప్ప దారి లేదు. పైగా 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. పొగ కక్కే ఇంజిన్‌తో ఆ పరీక్షకు వెళ్లలేం. అలాగని అరగని సిలిండర్‌ను చెక్కించుకోవడమూ నష్టమే.

బాయిలర్ లేని పీడనం

రైల్వే ఊరు కాబట్టి ఆవిరి ఇంజిన్ నుంచే మొదలుపెడదాం. మన పట్టాల మీద దశాబ్దాలపాటు తిరిగిన డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఇంజిన్ల బాయిలర్ పీడనం 210 పీఎస్‌ఐ. అక్కడ పీడనం బయట తయారై సిలిండర్లోకి వచ్చేది. కారు ఇంజిన్లో ఆ సౌకర్యం లేదు. పీల్చుకున్న గాలిని పిస్టనే నొక్కి పీడనం పుట్టించుకోవాలి. నొక్కుతున్నంతసేపూ గాలి బయటికి పోకుండా కింద రింగులు, పైన రెండు వాల్వులు, హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గాస్కెట్ కాపలా కాయాలి. ఈ కాపలాదారుల్లో ఎవరు నిద్రపోతున్నారో కనిపెట్టడమే కంప్రెషన్ పరీక్ష.

అంబాసిడర్‌లో ఎక్కువ కాలం నడిచిన పెట్రోల్ ఇంజిన్ బ్రిటన్‌లో పుట్టిన బీఎంసీ బీ-సిరీస్. పరిమాణం 1489 సీసీ, సిలిండర్లు నాలుగు. అంటే ఒక్కో పిస్టన్ కిందికి దిగితే దాదాపు 372 సీసీల జాగా ఏర్పడుతుంది. కంప్రెషన్ నిష్పత్తి 7.2 ఉన్న రకాన్ని తీసుకుంటే, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 60 సీసీలు. 432 సీసీల గాలిని 60 సీసీల్లోకి కూరుతున్నామన్నమాట.

మరి గేజి ఎంత చూపాలి? గాలిని చాలా నెమ్మదిగా, పుట్టిన వేడంతా గోడల్లోకి పోయేటట్టు నొక్కితే పీడనం 7.2 రెట్లే అవుతుంది. వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ కాబట్టి అది సుమారు 106. గేజి మాత్రం వాతావరణం మీద అదనంగా ఉన్నదాన్నే చూపిస్తుంది కనుక ముల్లు 91 దగ్గర ఆగాలి. అలా కాక వేడి ఏమాత్రం బయటికి పోనంత వేగంగా నొక్కితే గాలి వేడెక్కి ఇంకా వ్యాకోచించాలని చూస్తుంది. అప్పుడు పీడనం 7.2 రెట్లతో ఆగదు, దాదాపు 16 రెట్లకు చేరుతుంది. గేజి మీద 218. సైకిల్ పంపు కొడుతుంటే దాని అడుగుభాగం వేడెక్కేది ఈ కారణం చేతనే.

నిజం ఈ రెంటికీ మధ్య ఉంటుంది. అందులోనూ చిన్న మెలిక ఉంది. పిస్టన్ అట్టడుగుకు చేరగానే ఇన్‌లెట్ వాల్వు మూసుకోదు. ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు ఇంకాస్త గాలి లోపలికి రావాలని, క్రాంక్ మరికొన్ని డిగ్రీలు తిరిగాకే మూసుకునేలా క్యామ్‌ను మలుస్తారు. సెల్ఫ్ కొట్టే నెమ్మది వేగంలో మాత్రం ఆ వ్యవధిలో కొంత గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. వాల్వు 45 డిగ్రీల తర్వాత మూసుకుంటుందనుకుంటే, పిస్టన్ ప్రయాణంలో పదో వంతుకు కాస్త పైనే వృథా. అసలు నిష్పత్తి 6.5కు పడిపోతుంది. ఆ లెక్కన కింది హద్దు 80కి, పై హద్దు 187కి దిగుతాయి. మంచి స్థితిలో ఉన్న ఇలాంటి ఇంజిన్లు 120, 140 మధ్య ఎక్కడో చూపడం అందుకే. మరీ 80 కన్నా తక్కువ వచ్చిందంటే, ఎంత వేడి పోయిందనుకున్నా లెక్క కుదరదు. గాలి తప్పించుకుని ఉండాలి, లేదా అసలు లోపలికే రాకుండా ఉండాలి.

ఆ రెండో అవకాశాన్ని చాలామంది మరిచిపోతారు.

తప్పు గేజిదా, ఇంజిన్‌దా?

పరీక్ష చేసేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, చోక్ తెరిచి ఉండాలి. లేకపోతే కార్బురేటర్లోని థ్రాటిల్ రేకు దారి మూసేస్తుంది. గాలే రాని సిలిండర్ దేన్ని నొక్కుతుంది? నాలుగు సిలిండర్లూ 90 దగ్గర సమానంగా ఆగిపోతాయి. ఆ చీటీ చూసి ఎవరైనా ‘రింగులన్నీ పోయాయి సార్, ఇంజిన్ దించాల్సిందే’ అంటే, అది యాక్సిలరేటర్ తొక్కకపోవడం వల్ల పడే శిక్ష.

అలాంటిదే బ్యాటరీ. లీకు అనేది కాలంతో పాటు పెరిగేది. పిస్టన్ పైకి రావడానికి ఎంత ఎక్కువసేపు పడితే అంత గాలి జారిపోతుంది. నీరసించిన బ్యాటరీతో ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరిగితే మంచి సిలిండర్ కూడా తక్కువే చూపుతుంది. మొదటి సిలిండర్ 130, రెండోది 122, మూడోది 115, నాలుగోది 108 అని మెట్లుమెట్లుగా దిగుతూ వస్తే, ముందు బ్యాటరీ ఛార్జి చేసి నాలుగో దాని నుంచి వెనక్కి కొలిచి చూడండి. క్రమం తిరగబడితే దోషి దొరికినట్టే. ఇంజిన్ తేలిగ్గా తిరగాలనే నాలుగు ప్లగ్గులూ ఒకేసారి విప్పుతారు. కాయిల్‌కు వచ్చే వైరు తీసేయడం కూడా తప్పనిసరి. విప్పిన ప్లగ్గు రంధ్రాల నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతున్నప్పుడు పక్కన నిప్పురవ్వ ఉండకూడదు కదా.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు చూడాలి. రింగులు, పిస్టన్లు, వాల్వులు పని చేసే కొలతలకు అప్పుడే వస్తాయి. ప్రతి సిలిండర్‌నూ ఒకే సంఖ్యలో, ఆరు సార్లనుకుంటే ఆరు సార్లే తిప్పాలి. ఇక నెలల తరబడి కదలని బండి సంగతి వేరు. బెంగాల్ వానాకాలం తేమలో షెడ్డులో నిలబెట్టిన కారులో, ఏ సిలిండర్ వాల్వు తెరిచి ఉండిపోయిందో ఆ సీటు మీద సన్నటి తుప్పు పట్టొచ్చు, రింగులు గాడిలో బిగుసుకుపోవచ్చు. అలాంటి బండి తొలిరోజు చూపే అంకెను నేనైతే లెక్కలోకే తీసుకోను. ఓ వంద కిలోమీటర్లు తిప్పి మళ్లీ కొలిస్తే చాలాసార్లు వేరే అంకె వస్తుంది.

ఊరు ఎంత ఎత్తులో ఉందన్నదీ చూడాలి. ఖరగ్‌పూర్ సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి మాన్యువల్‌లోని అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు. అదే కారును సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న డార్జిలింగ్‌కు తీసుకెళ్తే అక్కడి గాలి ఐదో వంతుకు పైగా పలచన. ఇక్కడ 130 చూపిన సిలిండర్ అక్కడ 102 చూపుతుంది. 900 మీటర్ల అరకులో అయితే 117. ఇంజిన్‌కు ఏమీ కాలేదు, ఆకాశం కాస్త దగ్గరైందంతే.

తేడాను చదవడం

ఇన్ని కారణాలు కలగలిసి ఉంటాయి కనుక విడి అంకెను నమ్మడం కష్టం. గేజి నుంచి గేజికే పది పీఎస్‌ఐ తేడా ఉండొచ్చు. కానీ ఒకే గేజి, ఒకే బ్యాటరీ, ఒకే రోజు కొలిచినప్పుడు సిలిండర్ల మధ్య వచ్చే తేడా మాత్రం అబద్ధం ఆడదు. అన్నిటికన్నా తక్కువది ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదని కొన్ని మాన్యువల్స్ చెబుతాయి. పది, పదిహేను శాతానికి మించి తేడా ఉండకూడదనేవి మరికొన్ని. నాలుగూ 105 దగ్గర ఉన్న ఇంజిన్ కొత్తది కాకపోయినా సాఫీగా తిరుగుతుంది. మూడు 135, ఒకటి 85 ఉన్న ఇంజిన్ నిలబడ్డచోటే వణుకుతుంది. నా లెక్కలో మొదటి బండి నడపదగ్గది, రెండోది ఆగి చూడదగ్గది.

ఎక్కువ అంకె వస్తే సంతోషించాలా? అక్కర్లేదు. 7.2 నిష్పత్తి ఉన్న ఇంజిన్లో 165 వచ్చిందంటే దహన గదిలో మసి పేరుకుని ఉండొచ్చు. 60 సీసీల జాగాలో మసి ఆరు సీసీలు ఆక్రమిస్తే నిష్పత్తి 7.9కి ఎగబాకుతుంది. ఎక్కే దారిలో ఇంజిన్ టకటకమని కొట్టుకునే బళ్లలో ఇదొక కారణం. లేదంటే ఏ పాత ఓనరో వేరే పిస్టన్లు వేయించి ఉంటాడు.

పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే, ఉదాహరణకు 130, 75, 72, 128 వస్తే, ముందుగా అనుమానించాల్సింది హెడ్ గాస్కెట్‌ను. రెంటి మధ్య ఉన్న సన్నటి పట్టీ కాలిపోతే ఒక దాని గాలి పక్కదానిలోకి దూరుతుంది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే మోతాదులో జబ్బు పడటం వేరే కారణాలతో అరుదు. గాస్కెట్ మార్చడానికి హెడ్డు విప్పాలి కానీ ఇంజిన్ దించక్కర్లేదు.

ఇక ఒక్క సిలిండరే పడిపోయినప్పుడు రింగులా, వాల్వులా అన్నది తేల్చాలి. గేజి ముల్లు ఎక్కే తీరులోనే ఒక సూచన ఉంటుంది. గేజిలో గాలి వెనక్కి పోకుండా ఆపే చిన్న వాల్వు ఉండబట్టి ముల్లు ప్రతి నొక్కుడుకూ ఒక మెట్టెక్కుతుంది. మంచి సిలిండర్లో మొదటి నొక్కుడుకే ముల్లు పెద్ద గెంతు వేస్తుంది. రింగులు అరిగితే మొదట తక్కువగా మొదలై మెట్టుమెట్టుగా పెరుగుతూ పోతుంది. వాల్వు కారుతుంటే మొదట్లోనే తక్కువగా ఉండి, తర్వాతా పెద్దగా పెరగదు. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

ఒక చెంచా నూనె, ఎంత చెంచా?

తీర్పు కోసం చేసేది తడి పరీక్ష. ప్లగ్గు రంధ్రం గుండా కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఆ నూనె పిస్టన్ అంచుల చుట్టూ చేరి రింగుల సందును కాసేపు మూస్తుంది. అప్పుడు అంకె బాగా లేస్తే తప్పు రింగులదో బోరుదో. లేవకపోతే గాలి పైనుంచి పోతోంది, అంటే వాల్వు లేదా గాస్కెట్.

చాలామంది ఇక్కడ ‘కొంచెం’ అన్న మాట దగ్గరే జారిపోతారు. నూనె నొక్కినా కుదించుకోదు. పైన ఉన్న 60 సీసీల జాగాలో తన వాటా తాను ఆక్రమిస్తుంది. ఐదు సీసీలు పోస్తే మిగిలేది 55. సిలిండర్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఈ ఒక్క కారణంతోనే అంకె దాదాపు పది శాతం పెరుగుతుంది. పది సీసీలు పోస్తే మిగిలేది 50, పెరుగుదల 20 శాతం దాటుతుంది. అంటే 130 ఉన్నది 156 దాకా పోవచ్చు. డబ్బాతో ఉజ్జాయింపుగా పోసి ‘చూశారా, ఎంత పెరిగిందో’ అంటే అందులో సగం నూనె పరిమాణం చేసిన గారడీయే. మందుల దుకాణంలో దొరికే సిరంజితో ఐదు సీసీలు కొలిచి, నాలుగు సిలిండర్లకూ అంతే పోస్తే ఆ గారడీ అందరికీ సమానమై లెక్కలోంచి పోతుంది.

మొదట్లో చెప్పుకున్న 71కి ఈ పరీక్ష చేశామనుకుందాం. అది 78 అయితే, పెరిగిన ఏడూ నూనె ఆక్రమించిన జాగాదే. రింగులు నిర్దోషులు. అదే 115 అయితే రింగులు, బోరు వైపు చూడాలి. మిగతా మూడు సిలిండర్లు 130 దగ్గర నిలబడి ఉండగా ఒక్కదాంట్లోనే బోరు అంతగా అరగడం కూడా ఆలోచించాల్సిన విషయమే. విరిగిన రింగో, గాడిలో బిగుసుకున్న రింగో అయ్యే అవకాశం ఎక్కువ.

సీసం పోయాక మిగిలిన సమస్య

71 కాస్తా 78 దగ్గరే ఆగిందనుకుందాం. ఇప్పుడు అనుమానం వాల్వు మీదికి పోయింది. బీ-సిరీస్ హెడ్డులో రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉండి ఒకే దారిలోకి పొగ వదులుతాయి. వేడి ఎక్కువగా పేరుకునే చోటు అది. అంటే మూడో సిలిండర్ ఫిర్యాదు చేయడం వింతేమీ కాదు.

దీని వెనుక పెట్రోల్ చరిత్ర కొంత ఉంది. ఇంజిన్ కొట్టుకోకుండా ఉండేందుకు పెట్రోల్‌లో సీసం కలపొచ్చని 1921లో అమెరికాలో కనుగొన్నారు. ఆ సీసం కాలాక మిగిలిన పదార్థం వాల్వు సీట్ల మీద సన్నటి పొరలా పట్టి, ఎర్రగా కాలిన వాల్వు లోహం సీటు లోహానికి అతుక్కోకుండా కాపాడేది. పాత ఇంజిన్లలో సీటును వేరే గట్టి లోహంతో చేయకుండా, పోత ఇనుప హెడ్డులోనే చెక్కేవారు. పిల్లల మెదళ్లకు సీసం చేసే హాని తెలిశాక దాన్ని తీసేయక తప్పలేదు. మన దేశంలో 1995లో కలకత్తాతో సహా నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ అమ్మకం మొదలైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం పెట్రోల్ ఆగిపోయింది.

అది మనుషులకు మేలే. పాత ఇంజిన్‌కు మాత్రం రక్షణ పొర పోయింది. బరువుతో, వేగంతో ఎక్కువ దూరాలు నడిస్తే ఎగ్జాస్ట్ సీటు కొద్దికొద్దిగా అరిగి, వాల్వు హెడ్డులోపలికి కుంగుతూ పోతుంది. వాల్వు అలా పైకి జరిగేకొద్దీ దాని కాడకూ రాకర్‌కూ మధ్య ఉంచిన టాపెట్ సందు తగ్గిపోతుంది. సందు పూర్తిగా పోయిన రోజున వాల్వు మూసుకున్నట్టే ఉండి మూసుకోదు. కంప్రెషన్ అక్కణ్నుంచి జారుతుంది. సీటుకు ఆని చల్లబడే అవకాశం లేక వాల్వు అంచు కూడా కాలడం మొదలవుతుంది.

కాబట్టి కంప్రెషన్ గేజి తీయకముందే ఫీలర్ గేజితో టాపెట్ సందులు చూడటం తెలివైన పని. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌కు సందే లేదని తేలితే, దాన్ని మాన్యువల్ కొలతకు సరిచేసి మళ్లీ కంప్రెషన్ చూడండి. 71 కాస్తా 125 అయితే వాల్వు ఇంకా కాలలేదు, సమయానికి పట్టుకున్నారు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అదే సందు మళ్లీ మాయమైతే, హెడ్డు విప్పి గట్టి లోహపు సీటు బిగించే పని చేయించుకోవచ్చు. సిలిండర్ గోడను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

సందు సరిచేసినా అంకె లేవకపోతే చెవులకు పని చెప్పాలి. ఆ సిలిండర్ పిస్టన్‌ను రెండు వాల్వులూ మూసుకుని ఉండే పై స్థానానికి తెచ్చి, బండి గేరులో కదలకుండా ఉంచి, ప్లగ్గు రంధ్రం ద్వారా కంప్రెసర్ గాలి పంపుతారు. ఆ గాలి ఎటు పోతే అటు బుసకొడుతుంది. సైలెన్సర్ గొట్టం దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ నోట్లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర అయితే రింగులు. రేడియేటర్లో బుడగలు లేస్తే గాస్కెట్ లేదా పగిలిన హెడ్డు. ఇంజిన్ పుట్టుక నుంచీ ఉన్న పద్ధతే ఇది ఒక రకంగా. జేమ్స్ వాట్ దగ్గర పనిచేసిన జాన్ సదర్న్ 1796లో ఆవిరి సిలిండర్ లోపలి పీడనం కాగితం మీద గీతగా పడేలా చేసినప్పటి నుంచి, మూసి ఉన్న ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో బయట నుంచే తెలుసుకోవాలన్న ప్రయత్నం సాగుతూనే ఉంది. వాట్ బృందం ఆ పరికరాన్ని చాలాకాలం రహస్యంగా దాచుకుంది కూడా.

ఇదంతా పెట్రోల్ అంబాసిడర్ సంగతి. డీజిల్ అంబాసిడర్‌కు ఈ గేజి, ఈ పద్ధతి రెండూ పనికిరావు. గాలిని నొక్కిన వేడితోనే ఇంధనం అంటుకోవాలి కాబట్టి అక్కడ నిష్పత్తి 20 దాటి ఉంటుంది, పీడనం ఇక్కడి అంకెలకు మూడు రెట్ల పైమాటే. పెట్రోల్ గేజి ఆ దెబ్బకు నిలవదు. పిస్టన్ పైన మిగిలే జాగా అతి తక్కువ కాబట్టి తడి పరీక్ష పేరుతో నూనె పోస్తే అది అంటుకోవచ్చు, లేదా నొక్కడానికి చోటు లేక కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ఆ ఇంజిన్‌కు డీజిల్ గేజి తెచ్చి, పొడిగా మాత్రమే కొలవాలి.